మధ్యలో సున్నా

బట్టలారబెట్టే యంత్రం గుండ్రటి తలుపు తెరిచి, అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. లోపలి వేడి ఒక్కసారిగా మీదికొచ్చి మెడ పక్కనుంచి సాగిపోయింది. అది పోయాక మోచేతుల దాకా చేతులు దూర్చి, మెలిపడిపోయిన దుప్పట్లను లాగడం మొదలుపెట్టాడు. లాగిన ప్రతి దుప్పటీ ఇంకో రెండింటిని వెంటబెట్టుకుని వస్తోంది. చిక్కుపడిన జుట్టు విడదీసినట్టు వాటిని ఓపిగ్గా విడదీసి చక్రాల బండిలో వేశాడు. బండి తోసుకుంటూ మడతల బల్ల దగ్గరికి వచ్చాడు.

ఆ ఆసుపత్రి లాండ్రీ భవనం అడుగున ఉంది. కిటికీలు లేవు. పైకప్పుకి ఆనుకుని గోడలో సన్నటి అద్దం పట్టీ ఒకటుంది. అందులోంచి వీధిలో నడిచేవాళ్ల కాళ్లు మాత్రమే కనబడతాయి. తెల్లవారిన సంగతి లోపల పనిచేసేవాళ్లకి ఆ కాళ్లను బట్టే తెలుస్తుంది. ముందుగా నర్సుల తెల్ల బూట్లు, తర్వాత రోగుల తాలూకు వాళ్ల అలసిపోయిన చెప్పులు, ఇంకాసేపటికి బడిపిల్లల నల్ల బూట్లు. ఆ నల్ల బూట్లు వచ్చే వేళకి అతను తలెత్తి చూస్తాడు. తన కూతురు చదివే బడి ఇటువైపు కాదు. అయినా చూస్తాడు.

లాండ్రీలో అందరూ అతన్ని మడతాయన అంటారు. దుప్పటి రెండు అంచులు పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే అది గాలిలో లేచి, బల్ల మీద వాలేసరికి సగానికి సగం కలిసి ఉంటుంది. చూసుకోవక్కర్లేదు. పెళ్లికాక ముందునుంచీ అదే బల్ల, అదే మూల. తెల్లబరిచే మందు నీళ్లకి వేళ్ల చివర్లు ఎప్పుడూ ఉబ్బి, ముడతలుపడి, పాలిపోయి ఉంటాయి. సెలవురోజున కూడా ఆ ముడతలు పోవు. గేటు దగ్గర హాజరు వేసే యంత్రం అతని బొటనవేలిని గుర్తుపట్టదు. రోజూ సూపర్‌వైజరు వచ్చి తన వేలు పెట్టి అతన్ని లోపలికి పంపిస్తాడు. "నీకు వేలిముద్రే లేదయ్యా, దొంగతనాలకి పనికొస్తావు" అని రోజూ ఒకే హాస్యం ఆడతాడు. రోజూ అతను నవ్వుతాడు.

అతనికి కోపం రావడం అక్కడ ఎవరూ చూడలేదు. ఒకసారి ఎవరో చేసిన తప్పుకి సూపర్‌వైజరు అతన్ని పట్టుకుని నానా మాటలూ అన్నాడు. అతను తల వంచుకుని దుప్పట్లు మడతపెడుతూనే ఉన్నాడు. ఇస్త్రీ చేసే పెద్దావిడకి ఒళ్లు మండిపోయింది. "నీకు చీమూ నెత్తురూ లేవా తమ్ముడూ? ఒక్క మాట అనలేవూ?" అంది. ఆవిణ్ని అతను అక్కా అంటాడు. "అంటే మాత్రం ఏమవుతుందక్కా" అని ఊరుకున్నాడు.

ఆ కోపమంతా సాయంత్రం ఒక గంటసేపు, ఒక పుస్తకం ముందు వస్తుందని అక్కకి కూడా ఈమధ్యే తెలిసింది.

కూతురు మూడో తరగతి. సన్నగా, ఉన్నచోట ఉండకుండా ఎగురుతూ ఉంటుందని తండ్రే పిచ్చిక అని పేరు పెట్టాడు. పాటలు పాడుతుంది, బొమ్మలు వేస్తుంది, పాఠం ఒక్కసారి వింటే ఒప్పజెప్పేస్తుంది. తీసివేతల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నములుతుంది. పై అంకె చిన్నదైతే కింది అంకెలోంచి పై అంకె తీసేస్తుంది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి అయిదు వేస్తుంది. పక్కవాడి దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోవాలని అతను లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. "మరి తిరిగి ఇవ్వక్కర్లేదా నాన్నా?" అని అడిగింది ఒకసారి. "అడిగినదానికి జవాబు చెప్పు, ఎదురు ప్రశ్నలెయ్యకు" అని గట్టిగా అరిచాడు.

అరవడం ఎప్పుడు కొట్టడమైందో అతనికి సరిగా గుర్తులేదు. మొదటిసారి వీపు మీద. రెండోసారి చెంప మీద. తెల్లారేసరికి పాప చెంప మీద అతని వేళ్లు తేలి ఉన్నాయి, యంత్రానికి అందని ఆ వేళ్లు. అతని భార్య ఆ చెంపకి కొబ్బరినూనె రాస్తూ, అతనివైపు చూడకుండా అంది: "ఇదే ఆఖరుసారి. ఇంకొక్కసారి దానిమీద చెయ్యిపడితే నేనుండను. అరిచి చెప్పట్లేదని ఊరికే అంటున్నాననుకోకండి."

అప్పట్నుంచి పాపలో ఒక మార్పు వచ్చింది. అతను దోమని తోలడానికి చెయ్యి ఎత్తినా ఆ పిల్ల మెడ భుజాల్లోకి పోతుంది. లెక్క అడిగితే పుస్తకంవైపు చూడదు. అతని మొహంవైపు చూస్తుంది. "ఆరా?" అంటుంది. అతని కనుబొమలు ముడిపడితే "కాదు కాదు, ఏడు" అంటుంది. ఇంకా ముడి విడకపోతే "ఎనిమిది" అంటుంది. మొహం తేటపడిన చోట ఆగిపోతుంది.

బడిలో టీచరు పిలిపించింది. చిన్న వయసు, సన్నటి గొంతు. "ఇలాగే ఉంటే వచ్చే ఏడు మళ్లీ ఇదే క్లాసులో కూర్చోబెట్టాల్సి వస్తుందండీ. ఇంట్లో రోజూ కాసేపు ఎవరైనా దగ్గర కూర్చోండి. ఏవైనా వస్తువులు పెట్టి చూపించండి. కోప్పడకండి" అంది. ఆ చివరి మాట అంటూ పాప చెంపవైపు చూసింది. అతను అలాగే అలాగే అని తలూపాడు. ఆ గదిలో బల్లలు మరీ చిన్నవి. వాటి మధ్య నిలబడితే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

నల్లబల్ల ముందు నిలబడటమంటే ఏమిటో అతనికి తెలుసు. నాలుగో తరగతిలో మేష్టారు అతన్ని బల్ల దగ్గరికి పిలిచి, సుద్దముక్క చేతికిచ్చి, ఒక తీసివేత ఇచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా అంచు కింద వేళ్లు లెక్కపెట్టుకుంటుంటే వెనక ఎవరో చూసి నవ్వారు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. లెక్క పూర్తి చేసేదాకా కూర్చోవద్దన్నాడు మేష్టారు. బడి వదిలాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు. ఊడ్చేవాళ్లు వచ్చి బల్ల తుడిచేశారు. "వీడికి లెక్కలు రావు" అని తండ్రి నలుగురిలో చెప్పేవాడు, పుట్టుకతో వచ్చిన జబ్బు గురించి చెప్పినట్టు. ఆ మరుసటేడు బడి మాన్పించి పనిలో పెట్టాడు. లాండ్రీలో సామాన్ల గదికి మనిషి కావలసి వచ్చినప్పుడు అతన్నే అనుకున్నారు. అక్కడ కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, చేతులు తడవవు. వచ్చినవెన్ని, పోయినవెన్ని, మిగిలినవెన్ని అని ప్రతి సాయంత్రం తేల్చాలి. నెల తిరక్కుండానే మళ్లీ మడతల బల్ల దగ్గరికి వచ్చేశాడు. భార్యతో ఆ గదిలో దుమ్ము తనకి పడట్లేదని చెప్పాడు.

పిల్లకి ఆ గతి పట్టకూడదు. అతను కోరుకున్నది అదొక్కటే.

ఆ పొద్దున టీ వేళ దాటాక పిల్లల వార్డు ఆయా వచ్చి కిటికీలాంటి అర తలుపు దగ్గర నిలబడింది.

"మడతాయనా, దిండు గలీబులు ఓ ఏడు ఇవ్వు. తొందరగా. ఒక పిల్లాడు వరసగా కక్కుతున్నాడు."

గలీబులు పదేసి చొప్పున కట్టకట్టి అరలో పేర్చి ఉంటాయి. బల్ల మీద విడిగా మూడే ఉన్నాయి. మూడింట్లోంచి ఏడు ఇవ్వలేడు. అతను అరలోంచి ఒక కట్ట దించి, దారం ముడి విప్పి, విడిగా ఉన్న మూడింటి మీద ఆ పదీ వేసి, అందులోంచి ఏడు తీసి ఆయాకి ఇచ్చాడు. ఎన్నో ఏళ్లుగా రోజూ చేస్తున్న పనే. ఆయా వెళ్లిపోయింది. అతను చేతిలో దారంతో అలాగే నిలబడిపోయాడు.

అరలో కట్టలు. బల్ల మీద విడివి. విడివి చాలకపోతే కట్ట విప్పాలి. అప్పూ లేదు, పక్కవాడూ లేడు. తిరిగి ఇచ్చే బాధా లేదు. కట్ట మనదే, విప్పుకున్నాం, అంతే.

"అక్కా" అన్నాడు. "అక్కా, ఒక్కసారి ఇలా రా."

ఆవిడ ఇస్త్రీ రోలరు ఆపి, చెమట తుడుచుకుంటూ వచ్చింది. అతను మళ్లీ ఒక కట్ట దించి, విప్పి, తీసి చూపించాడు. చెబుతూ చెబుతూ నవ్వేశాడు. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని అంతా చూసింది.

"బాగుంది. ఇది చెప్పడానికా ఇన్నాళ్లూ ఆ పసిదాని వీపు పగలగొట్టావు?"

అతని నవ్వు ఆగిపోయింది.

"నాకు తెలీదక్కా" అన్నాడు. "నిజంగా ఇప్పుడే తెలిసింది."

అక్క అతని మొహంలోకి చూసి కాస్త మెత్తబడింది. "సరేలే. ఇవాళ వెళ్లి చెప్పు. నెమ్మదిగా చెప్పు. ఒక్కటి వచ్చిందనుకో, అక్కడితో ఆపెయ్. ముద్దు పెట్టుకుని లే. వింటున్నావా? నువ్వు ఆపలేవు, అదే నీతో వచ్చిన చిక్కు."

పని దిగే వేళకి సూపర్‌వైజరుని అడిగి గుప్పెడు రబ్బరుబ్యాండ్లు జేబులో వేసుకున్నాడు. దారిలో మూల మీది కొట్లో ఒక కొత్త చీపురు కొన్నాడు, సన్నటి పుల్లలది. బస్సులో దాన్ని రెండు కాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఎండ కిటికీలోంచి మోకాళ్ల మీద పడుతోంది. కండక్టరు "చీపురుకి టికెట్ లేదులే" అంటే పక్కనున్నవాళ్లతో పాటు తనూ నవ్వాడు. చాలాకాలానికి అతనికి ఇంటికి త్వరగా చేరాలనిపించింది.

ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు, వీధివైపు కిటికీ. కిటికీ కింద కుట్టుమిషను. భార్య దాని మీద ఎవరివో లంగాలకి అంచులు కుడుతోంది. చీపురు చూసి మిషను ఆపింది.

"ఉన్న చీపురు కొత్తదేగా. మళ్లీ ఎందుకండీ?"

"ఇది లెక్కలకి."

"లెక్కలు ఊడ్చిపారేస్తారా ఏంటి?" అంది. అని తనే నవ్వింది. వాళ్లిద్దరి మధ్యా ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లో అయింది.

అతను నేలమీద కూర్చుని చీపురు కట్టు తెంపి, పుల్లల్ని వేలెడు పొడవున తుంచడం మొదలుపెట్టాడు. పదేసి లెక్కపెట్టి రబ్బరుబ్యాండు చుట్టాడు. తప్పు పోకూడదని ప్రతి కట్టనీ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఉబ్బిన వేళ్లకి పుల్లలు గుచ్చుకుంటున్నా తెలియలేదు. పాప బడి నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే గుమ్మంలో ఆగి చూసింది.

"ఆటా నాన్నా?"

"ఆటే. మొహం కడుక్కుని రా."

పిల్ల వచ్చి అతనికి ఎదురుగా, చెయ్యి చాపినా అందనంత దూరంలో కూర్చుంది. అతను అది గమనించాడు. చొక్కా చేతులు పైకి మడుచుకోబోయి, ఆ పిల్ల కళ్లు తన చేతుల్ని వెంబడించడం చూసి మానేశాడు.

"ఇదిగో పిచ్చికా, ఇవి యాభై రెండు పుల్లలు. అయిదు కట్టలు, రెండు విడివి. నాకు ఏడు ఇవ్వు."

"రెండే ఉన్నాయి కదా."

"మరి ఏం చేద్దాం?"

పిల్ల అతని మొహంలోకి చూసింది. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు, పొద్దున యంత్రం తలుపు ముందు తిప్పుకున్నట్టు. గదిలో మిషను చప్పుడు కూడా ఆగింది.

"కట్ట విప్పనా?" అంది పాప చాలా నెమ్మదిగా.

"విప్పు."

రబ్బరుబ్యాండు టప్పున ఎగిరి మిషను కిందకి పోయింది. పుల్లలు చాప మీద పరుచుకున్నాయి. పాప పన్నెండు లెక్కపెట్టి, ఏడు తీసి అతని అరచేతిలో పెట్టి, మిగిలినవి చూసుకుంది. "అయిదు! నాలుగు కట్టలు, అయిదు! నలభై అయిదు నాన్నా!" ఈసారి అది అతని మొహం చూసి చెప్పలేదు. పుల్లల్ని చూసి చెప్పింది.

ఇంకొకటి ఇచ్చాడు. చేసింది. మరొకటి తనంతట తానే వేసుకుని చేసింది. జరుగుతూ జరుగుతూ దగ్గరికి వచ్చేసింది, ఆఖరికి మోకాలు అతని మోకాలికి తగిలింది. ఆ జుట్టులో బడి దుమ్ము వాసన వేసింది. భార్య టీ తెచ్చి అతని పక్కన పెట్టి, పాప తల మీద చెయ్యి వేసి, "ఇవాళ్టికి చాలండీ. ఆడుకోనివ్వండి" అంది.

"ఒక్కటి. పుస్తకంలోది ఒక్కటి చేసేస్తే అయిపోతుంది."

ఆవిడ పాప తల మీది చెయ్యి తీసేసింది. వంటింట్లోకి వెళ్లింది.

అతను పుస్తకం తెరిచి, తీసివేతల పేజీలో వేలుపెట్టాడు. మూడువందల నాలుగులోంచి నూట డెబ్భై ఎనిమిది తీసెయ్యాలి. అన్ని పుల్లలు లేవు. చీపురు అయిపోయింది. "ఇప్పుడు కాగితం మీద చెయ్. అదే పద్ధతి" అన్నాడు.

పాప పెన్సిలు చివర కొరుక్కుంటూ చాలాసేపు చూసింది.

"నాన్నా, నాలుగే ఉన్నాయి. ఎనిమిది కావాలి. కట్ట విప్పుదామంటే మధ్యలో సున్నా ఉంది. కట్టలు లేవు. ఏది విప్పాలి?"

అతను పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. మధ్యలో సున్నా ఉంది. నాలుగో తరగతి బల్ల మీద కూడా మధ్యలో సున్నా ఉండటం అతనికి గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆ బల్లా, ఆ నవ్వూ గుర్తున్నాయి గానీ ఆ సున్నా మాత్రం ఇప్పుడే గుర్తొచ్చింది.

"పక్కదాంట్లో లేకపోతే ఆ పక్కది. మూడులోంచి తీసుకో."

"నేరుగా ఇక్కడికి వచ్చేస్తుందా?"

"వస్తుంది. రాయి."

పాప మూడు కొట్టేసి రెండు వేసింది. నాలుగు పక్కన ఒకటి చేర్చి పద్నాలుగు చేసింది. ఎనిమిది పోతే ఆరు. సున్నాలోంచి ఏడు పోదు. మళ్లీ అడిగింది. మళ్లీ మూడున్న చోటునుంచే తెచ్చుకోమన్నాడు. రెండు ఒకటయింది. అన్నీ చెప్పినట్టే చేసి, "ముప్పై ఆరు" అంది పాప.

అతను జవాబులుండే చివరి పేజీ తిప్పి చూశాడు. నూట ఇరవై ఆరు అని ఉంది.

"తప్పు. మళ్లీ చెయ్."

మళ్లీ చేసింది. మళ్లీ ముప్పై ఆరే వచ్చింది. అతను పెన్సిలు లాక్కుని తనే చేశాడు. అతనికీ ముప్పై ఆరే వచ్చింది. చెవుల వెనక వేడి పాకింది. వీపు వెనక బెంచీలన్నీ నిండిపోయినట్టు, ఎవరో నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని తననే చూస్తున్నట్టు అనిపించింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎక్కడో నువ్వే తప్పు చేస్తున్నావు. సరిగ్గా చూడు. ఎంత?"

గొంతు మారింది. ఆ మార్పు పాపకి అందరికంటే ముందు తెలిసింది. మోకాలు వెనక్కి తీసుకుంది. పుస్తకం మీదనుంచి కళ్లెత్తి అతని మొహం మీద నిలిపింది.

"నూట... నూట ఆరా?"

అతని కనుబొమలు ఇంకా ముడిపడే ఉన్నాయి.

"నూట పదహారా? కాదు కాదు. నూట ముప్పై... కాదు. నూట ఇరవై?" అక్కడ అతని కనుబొమల్లో ఏం కనిపించిందో, ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. "ఇరవై అయిదా? ఇరవై... ఆరు. నూట ఇరవై ఆరు!"

గండం గడిచినట్టు పాప మొహం విచ్చుకుంది. ముందు పళ్ల మధ్య సందు కనబడేలా నవ్వింది.

అతను కొట్టాడు.

చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు. పిల్ల పక్కకి ఒరిగిపోయింది. కట్టల మీద మోచెయ్యి పడి పుల్లలు గదంతా చెదిరిపోయాయి. టీ గ్లాసు దొర్లింది. పాప ఏడవలేదు. లేచి కూర్చుని, చెంప మీద చెయ్యి పెట్టుకుని, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

"నూట ఇరవై ఆరు కాదా నాన్నా?"

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అరవలేదు. లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పింది. మంచం కింది నుంచి సంచీ లాగి, కిటికీ బయట దండెం మీది పాప బట్టలు, తన రెండు చీరలు అందులో సర్దింది. కుట్టడం పూర్తికాని లంగాలు మడిచి, పక్కింటావిడకి ఇచ్చి వచ్చింది, ఎవరైనా వస్తే అప్పజెప్పమని. తర్వాత పాప మొహం తడిగుడ్డతో తుడిచి, జుట్టు విప్పి, మళ్లీ జడ వేసింది. బడిసంచీ పాప భుజానికి తగిలించింది. ఇదంతా తొందర లేకుండా, ఎప్పుడో అనుకుని పెట్టుకున్న పనిలా చేసింది. అతను చాప మీద ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. ఒలికిన టీ నెమ్మదిగా పాకి అతని లుంగీ అంచుని తడిపింది.

"ఎక్కడికి?" అన్నాడు చివరికి.

"మా అక్క దగ్గరికి. అక్కడే బడిలో వేస్తాను."

"నేను... ఇవాళ మొదట్లో ఎంత బాగా చేసిందో చూశావు కదా."

"చూశాను" అంది ఆవిడ. "చాలన్నాను కదండీ. బాగున్నప్పుడే చాలన్నాను కదా."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

ఆవిడ సంచీ చేతిలోకి తీసుకుంది. చెప్పులు వేసుకుంటూ గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది, కళ్లు తిరిగినట్టు. అతను లేవబోయాడు. అతను కదలగానే పాప గబుక్కున తన తల్లి వెనక్కి తప్పుకుంది. అతను మళ్లీ కూర్చుండిపోయాడు.

గుమ్మం దాటాక పాప వెనక్కి తిరిగింది.

"నాన్న రాడా అమ్మా?"

"రాడు."

పాప అతన్ని ఊరడిస్తున్నట్టు అంది: "మిగతా లెక్కలు పెద్దమ్మ ఇంట్లో చేసేస్తాలే నాన్నా. అన్నీ చేసేస్తా."

మెట్ల మీద రెండు జతల అడుగులు దిగిపోయాయి. వీధి తలుపు మూసుకుంది. బయట ఇంకా వెలుతురుంది. ఎదురింటి పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఎవరో ఎవరినో కేకేస్తున్నారు. మూల తిరిగే బస్సు హారను వినబడింది. వాళ్లు ఎక్కే బస్సు అదే అయి ఉంటుందనుకున్నాడు. లేచి పరుగెత్తితే అందుకోవచ్చు. అందుకుంటే ఏం చెప్పాలి? ఇంకెప్పుడూ కొట్టనని ఇంతకుముందు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నిజంగానే అనుకుని చెప్పాడు. ఇవాళ పొద్దున కూడా, చేతిలో దారం పట్టుకుని నిలబడ్డప్పుడు, నిజంగానే అనుకున్నాడు. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. అరచెయ్యి ఇంకా మండుతోంది. అతని తండ్రి చెయ్యి కూడా అచ్చం ఇలాగే ఉండేది, వేళ్లు మాత్రం ముడతలు లేకుండా.

చాలాసేపటికి లేచాడు. టీ మరక తుడిచాడు. పుల్లలు ఏరుదామని వంగి, ఏరలేక వదిలేశాడు. దాహం వేసింది గానీ వంటింట్లోకి పోబుద్ధి కాలేదు. గాలి ఆడటం లేదని కిటికీ తలుపు పూర్తిగా వెనక్కి నెట్టాడు. తలుపు ఏదో మెత్తటిదానికి తగిలి ఆగింది.

కిటికీ ఊచల బయట గట్టు మీద, దండెం మీదనుంచి జారి మూలకి పడి ఉంది అది. పాప బడికి వేసుకునే తెల్ల మేజోడు. భార్య దండెం మీది బట్టలు తీసుకుపోతున్నప్పుడు ఇదొక్కటి కింద పడిపోయినట్టుంది. రేపు పొద్దున ఆ ఇంట్లో సంచీ అంతా వెతుకుతారు. ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి దాన్ని పైకి తీశాడు. మడమ దగ్గర చిరిగితే భార్య నీలం దారంతో రఫూ చేసింది, తెల్ల దారం అయిపోయినట్టుంది. అతను రెండు చివర్లూ కలిపి మడవబోయాడు. మడవడానికి అందులో ఏమీ లేదు. అతని వేళ్ల కంటే కాస్త పొడుగుంది, అంతే.

దాన్ని తీసుకెళ్లి కుట్టుమిషను మీద పరిచి పెట్టాడు. వెలుతురు తగ్గేదాకా దాని ఎదురుగానే కూర్చున్నాడు. పైభాగమంతా ఆరిపోయింది. బొటనవేలి దగ్గర మాత్రం, చిన్న కాలు ఇంకా లోపలే ఉన్నట్టు కాస్త ఉబ్బి, తడిగా ఉంది.